తండ్రిని నమ్ముట నేర్చుకొన్న జార్జి ముల్లరు

పరలోక రాజ్యములో ఎవడు గొప్పవాడని శిష్యులు అడిగినప్పుడు మన ప్రభువు ఒక చిన్నబిడ్డను పిలిచి వారి మధ్యను నిలువబెట్టిన సంగతి మత్తయి సువార్త 18వ అధ్యాయములో చదువుచున్నాము. బిడ్డలవంటివారమగుట అనగానే మనలో అనేకులు మంచితనమనియు, కల్లకపటము లేకపోవుటయనియు తలంతుము. బిడ్డలను పెంచిన తల్లులనడిగినయెడల వేరుగా చెప్పుదురు! బిడ్డలు పోట్లాడుదురు, దాచుకొందురు, అబద్ధమాడుదురు. అయితే ఆకలి వేసినప్పుడు బిడ్డ తన ఇంటికే పరుగెత్తుకొని వచ్చును. గాదెలో గింజలున్నవో లేవో విచారింపదు. తల్లి కొంగు పట్టుకొని అడుగును, అంతే. ఈ నెల మేము మీకు చెప్పదలచిన జీవితము అట్లు అడుగుట నేర్చుకొన్న ఒక మనుష్యునిది. చిన్నతనములో ఆయన మంచి బిడ్డ కానే కాడు.

జార్జి ముల్లరు 1805 సెప్టెంబరు 27న జర్మనీలోని ప్రష్యా రాజ్యములో క్రోపెన్‌స్టెట్ అను ఊరిలో పుట్టెను. తండ్రి సర్కారు పన్నులు వసూలు చేయు ఉద్యోగి. ఇంట ఉంచిన ఆ సర్కారు సొమ్మును పదియేండ్లు నిండకమునుపే జార్జి కొంచెము కొంచెముగా దొంగిలించుచుండెను. తండ్రికి అనుమానము పుట్టి, ఒకనాడు కొంత సొమ్ము లెక్కపెట్టి, ఆ గదిలోనే వానిని ఒంటరిగా విడిచి వెళ్లెను. తిరిగి వచ్చి చూడగా లెక్క తక్కువాయెను. వెదకగా ఆ సొమ్ము జార్జి బూటులో పాదము క్రింద దొరకెను. దెబ్బలు తినెను గాని బుద్ధి రాలేదు. పదునాలుగవ యేట తల్లి మరణపడకమీద ఉన్న రాత్రి, ఆ సంగతి ఎరుగక, తెల్లవారుజామున రెండు గంటలవరకు పేకాడుచుండెను. పదునారవ యేట సత్రములలో తిని, బాడుగ చెల్లింపక పారిపోవజూచి, 24 దినములు చెరసాలలో ఉండెను. తండ్రియే అప్పు తీర్చి విడిపించెను. ఇట్టివానిని తండ్రి పాదిరి చదువునకు పంపెను. దైవసేవకొరకని కాదు. పాదిరి ఉద్యోగములో జరుగుబాటు సుఖముగా నుండునని.

ఆ చదువుకొరకు అతడు 1825లో హల్లే పట్టణము చేరెను. (తెలుగు అక్షరములతో తొలి క్రైస్తవ పుస్తకములు 1740 తరువాతి యేండ్లలో అచ్చుపడినది ఈ హల్లేలోనే. చెన్నపట్టణములో మనవారి మధ్య పనిచేసిన షుల్జ్ దొరగారు వాటిని అచ్చువేయించిరి.) ఆ సంవత్సరము నవంబరులో ఒక శనివారము సాయంకాలము ఒక స్నేహితుడు అతనిని ఒక వర్తకుని ఇంటిలో జరుగు ప్రార్థన కూటమునకు తీసికొనిపోయెను. అక్కడ ఒకడు మోకాళ్లూని ప్రార్థించెను. జార్జి అంతవరకు ఎన్నడును మోకాళ్లమీద నున్న మనుష్యుని చూడలేదు! తాను ఇంత చదివియు ఈ చదువులేనివానివలె ప్రార్థింపలేనని అతనికి తోచెను. ఏ వాదముచేతను మారని ఆ యువకుడు, తండ్రితో మాటలాడు ఒక బిడ్డను చూచి మారెను.

1829లో ముల్లరు ఇంగ్లండు చేరి, మరుసటి సంవత్సరము టెయిన్‌మౌత్ అను ఊరిలో చిన్న సంఘమునకు కాపరియాయెను. ఆ దినములలో గుడి బల్లలకు అద్దె ఉండెను. అద్దె ఇచ్చుకొనగలవారు మంచి చోట్ల కూర్చుండిరి. పేదలు మిగిలిన చోట నుండిరి. ఇది యాకోబు పత్రిక 2వ అధ్యాయమునకు విరోధమని ఆయన ఆ అద్దెను మాన్పించెను. తన జీతము ఆ అద్దెనుండి వచ్చునదే గనుక జీతమునుకూడ వదలుకొనెను. ఇష్టమైనవారు వేయుటకు గుడిలో ఒక పెట్టె పెట్టిరి. అదే సంవత్సరము ఆయన మేరీ గ్రోవ్స్ అను స్త్రీని వివాహమాడెను. ఈమె అన్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ దొరగారే 1836లో బౌడెన్, బీరు అను ఇద్దరు సహోదరులను వారి భార్యలతోకూడ మన దేశమునకు తీసికొని వచ్చిరి. ఏ సొసైటీ జీతమును లేక వచ్చిన ఆ కుటుంబములు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో వేసిన విత్తనమే గోదావరి డెల్టా మిషను.

1832లో ముల్లరుగారు బ్రిస్టల్ పట్టణమునకు వచ్చిరి. 1835 జూనులో వారి కుమారుడు ఏలీయా ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయెను. ఆ బిడ్డకు ఏడాదిన్నరయైనను నిండలేదు. ఈ సంగతి మనము మరువకూడదు. ముల్లరుగారు అడిగినదెల్ల దొరకినదని చెప్పువారు ఈ చిన్న సమాధిని చూడక దాటిపోవుదురు. తన బిడ్డను మన్నులో పెట్టిన ఆ సంవత్సరమే, నవంబరులో, తల్లిదండ్రులు లేని బిడ్డలకు ఇల్లు తెరువవలెనను తలంపు ఆయనకు బలముగా కలిగెను.

ఆ తలంపునకు అనాథలమీది జాలి ఒక్కటే కారణము కాదు. సంఘములోని కూలివారిని ఆయన చూచుచుండెను. వారిలో ఒకడు దినమునకు పదునాలుగు పదునారు గంటలు పాటుపడుచు, శరీరమును ఆత్మయు కృశించి, పని తగ్గించినయెడల బిడ్డలకు కూడు ఉండదని భయపడుచుండెను. దేవుడు నేటికిని తండ్రియే అని ఇట్టివారికి కన్నులార చూపవలెనని ముల్లరుగారు ఆశించిరి. ఒక పేదవాడు ఎవరిని అడుగక, ప్రార్థనచేతనే అనాథల ఇల్లు నడిపినయెడల, అది వారి కన్నులెదుట నిలుచు సాక్ష్యమగునని తలంచిరి.

ఇల్లు కొరకు, సొమ్ము కొరకు, పనివారి కొరకు ప్రార్థించిరి. అన్నియు సమకూడెను. పిల్లలను చేర్చుకొనుటకు 1836 ఫిబ్రవరి 3వ తేదీ నిర్ణయించి ప్రకటించిరి. ఆ దినమున ముల్లరుగారు గదిలో కూర్చుండి కనిపెట్టుచుండిరి. ఒక్కరైనను రాలేదు! ఇంటికి తిరిగి పోవుచు, పిల్లల కొరకు మాత్రము తాను ప్రార్థింపలేదని ఆయనకు జ్ఞాపకము వచ్చెను. అనాథలకు కొదువా, వారు వారంతట వచ్చెదరులే అని అనుకొనెను గాబోలు. ఆ రాత్రి దేవుని యెదుట సాగిలపడి దానినికూడ అడిగెను. మరునాడే మొదటి దరఖాస్తు వచ్చెను. ఏప్రిల్‌లో విల్సన్ వీధి యింట ఆడపిల్లలను చేర్చుకొనిరి. మాకు ఆయన జీవితములో మిక్కిలి ఇష్టమైన భాగము ఇదే. పెద్ద సంగతులకు మోకాళ్లూని, సులువనుకొన్నవాటికి ఊనని వాడుక మన ఇండ్లలోను ఉన్నది గదా.

1838 సెప్టెంబరులో చేతిలో సొమ్ము బొత్తిగా అయిపోయెను. ఇంటిలోని వస్తువులు కొన్ని అమ్మవలసిన స్థితి వచ్చెను. 18వ తేదీ ఉదయము ముల్లరుగారు అట్లు అమ్మవలసిన అగత్యము తప్పింపుమని ప్రార్థించిరి. ఆ మధ్యాహ్నము లండను ప్రాంతమునుండి వచ్చిన ఒక స్త్రీ, తన కుమార్తె పంపిన 3 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు తెచ్చి ఇచ్చెను. వినుడి, ఆమె ఊరిలోనికి వచ్చి అప్పటికే నాలుగైదు దినములైనది. ఆమె దిగినది మగపిల్లల అనాథగృహము ప్రక్క యింటనే! కావలసిన సొమ్ము గోడకు ఆవల ఉండగా, ఈవల వీరు ప్రార్థించుచుండిరి. సహాయము చేయుటకు దేవుడు మొదటినుండి సిద్ధముగానుండెననియు, తన బిడ్డలు అడుగుట ఆయనకిష్టము గనుకనే ఆలస్యమాయెననియు ముల్లరుగారు గ్రహించి మిక్కిలి ఆనందించిరి.

తరువాత పట్టణము వెలుపల ఆష్లీ డౌన్ అను మెట్టమీద 1849 మొదలుకొని పెద్ద ఇండ్లు కట్టించిరి. 1857 నవంబరు చివర మొదటి ఇంటి బాయిలరు కారుట మొదలుపెట్టెను. ఇంగ్లండు చలికాలములో ఆ బాయిలరు వేడినీరే ఇంటిని వెచ్చగా నుంచును. అది ఆగినయెడల 300 మంది పిల్లలు చలికి ఏమగుదురు? చుట్టునున్న ఇటుక కట్టడము ఊడదీసినగాని లోపము కనబడదు. మంట ఆర్పుటకు దినము నిర్ణయించిన తరువాత గడగడ వణకించు ఉత్తరపుగాలి వీచసాగెను. దినము మార్చుటకు వీలులేదు. దక్షిణపుగాలి పంపుమనియు, నెహెమ్యా దినములలోవలె పనివారికి పనిచేయు మనస్సు ఇమ్మనియు ముల్లరుగారు రెండే సంగతులు అడిగిరి. మంగళవారము సాయంకాలమువరకు ఉత్తరపుగాలియే. బుధవారము దక్షిణపుగాలి వీచెను, నిప్పు అక్కరలేనంత వెచ్చగానుండెను. ఆ రాత్రి మేస్త్రీ వచ్చి, పనివారు ప్రొద్దుపోవువరకు చేసి తెల్లవారి మరల వత్తురని చెప్పగా, రాత్రియంతయు పనిచేయుటే తమకిష్టమని పనివారు తామే చెప్పిరి. సుమారు 30 గంటలలో పని ముగిసెను.

ఇట్టి సంగతులు విని కొందరు, అయితే మనమును చేతులు ముడుచుకొని కూర్చుండి ప్రార్థింతమందురు. వారు ముల్లరుగారి లెక్కల పుస్తకము చూడలేదు. వచ్చిన ప్రతి కాసు వ్రాయబడెను, ఖర్చు ప్రతి సంవత్సరము అచ్చువేయబడెను. ఆయన అప్పు చేయలేదు. 1841 డిసెంబరులో కొరత మిక్కుటముగా నుండగా వార్షిక కూటమును వాయిదా వేసిరి. అప్పుడు లెక్కలు చదివినయెడల అది మనుష్యులయెదుట చేయిచాచినట్లగునని ఆయనకు తోచెను. విశ్వాసమను పేరుతో ప్రతి ఉత్తరములో కొరతలు ఏకరువు పెట్టువారికి ఇది కొంచెము కష్టమైన పాఠము.

1870 నాటికి అయిదు ఇండ్లలో రెండువేల మందికి పైగా పిల్లలకు చోటుండెను. ఆయన జీవితకాలములో పదివేల మందికి పైగా అక్కడ పెరిగిరి. అదే సంవత్సరము ఫిబ్రవరి 6న మేరీ అమ్మగారు కీళ్లవాతజ్వరముచేత ప్రభువునందు నిద్రించిరి. ముల్లరుగారు ఆమె స్వస్థత కొరకు అడిగి, కాదనబడి, ఆ ప్రార్థన చేసిన నోటితోనే ఆమె భూస్థాపన ప్రసంగము చేసి, దేవుడు మంచివాడని చెప్పిరి. వృద్ధాప్యములో దేశదేశములు తిరిగి వాక్యము చెప్పిరి. 1890 జనవరిలో మన ఇండియాలోనే తిరుగుచుండగా, మిగిలిన ఒక్క బిడ్డయైన లిదియా బ్రిస్టల్‌లో మరణించిన వార్త వారికందెను.

1844లో ఆయన అయిదుగురి రక్షణ కొరకు దినదినము ప్రార్థించుట ఆరంభించెను. మొదటివాడు పదునెనిమిది నెలలకు, రెండవవాడు మరి అయిదేండ్లకు, మూడవవాడు మరి ఆరేండ్లకు ప్రభువునొద్దకు వచ్చిరి. ముప్పది ఆరేండ్లు గడచినను మిగిలిన ఇద్దరు రాలేదు. ఆయన వారి పేర్లు విడువలేదు.

1898 మార్చి 9 బుధవారము సాయంకాలము, తొంబది రెండేండ్ల వయస్సులో, ఆయన ఎప్పటివలె ప్రార్థన కూటము నడిపించిరి. మరునాటి ఉదయము ఏడు గంటలకు టీ తీసికొనిపోయిన పనిమనిషి ఆయనను మంచము ప్రక్కన నేలమీద చనిపోయియుండగా చూచెను. సుమారు పదునైదు లక్షల పౌనులు ఆయన చేతులమీదుగా ఖర్చయ్యెను. సామానులతో కలిపి లెక్కించినను ఆయనకు మిగిలిన ఆస్తి రెండువందల పౌనులైనను లేదు. 14వ తేదీ సోమవారమున బ్రిస్టల్ వీధులు జనముతో నిండియుండగా, ఆష్లీ డౌన్ పిల్లలు బారులుగా ఆయన పెట్టె వెనుక నడిచిరి.