పంచుకొన్న పండుగ: ఒంగోలు క్లౌ దొరగారి జీవితము

ఈ నెల ధ్యానమునకు ఎస్తేరు గ్రంథము తొమ్మిదవ అధ్యాయమును తీసికొంటిమి. యూదులనందరిని ఒక్క దినముననే సంహరింపవలెనని తలంచిన హామాను, ఆ దినమేదో తెలిసికొనుటకు చీట్లు వేయించెను. ఆ చీటికి పూరు అని పేరు. ఎస్తేరు రాణి ప్రాణమునకు తెగించి రాజు సన్నిధికి వెళ్లినందున ఆ యాపద తొలగి, దుఃఖదినము పండుగ దినమాయెను. అదియే పూరీము. ఆ పండుగకు మొర్దెకై మూడు పనులు నియమించెను: విందు చేసికొనుట, ఒకరికొకరు భోజనపదార్థములు పంపుకొనుట, బీదలకు కానుకలిచ్చుట (ఎస్తేరు 9:22).

యూదులు నేటికిని ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చు ఈ పండుగను మిక్కిలి వేడుకగా చేయుదురు. ఎస్తేరు కథను బిగ్గరగా చదువునప్పుడు హామాను పేరు వినబడగానే పిల్లలు గిలకలు త్రిప్పి, కాళ్లు నేలకు తాటించి గోల చేయుదురు. వేషములు వేయుదురు. మూడు మూలల తీపి వంటకము చేసికొందురు. ఒక స్నేహితునికైనను రెండు విధములైన పదార్థములు పంపవలెను. ఇద్దరు బీదలకైనను కానుక ఇయ్యవలెను. బీదవాని వంతు విందులో మిగిలినది కాదు. అది వేరుగా నియమింపబడినది; వాడును ఆ దినముననే పండుగ చేసికొనవలెనని దాని భావము.

ఈ వాక్యము చదివినప్పుడెల్ల, నెల్లూరు సముద్రతీరమున కాలువ త్రవ్వించిన క్లౌ దొరగారు మాకు జ్ఞాపకము వచ్చుచుందురు. ఆయన పూరీము పండుగ చేసిరని కాదు. బీదవానికి ఇయ్యవలసిన రీతి ఎట్టిదో ఆయన జీవితము చూపుచున్నది.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున జన్మించిరి. యౌవనమున భూములు కొలుచు సర్వే పనిలో ఉండిరి. ఆ కొలత గొలుసు తెలుగుదేశములో తమకు అక్కరకు వచ్చునని ఆయన అప్పుడు తలంచియుండరు. 1864 చివర ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరిరి. 1866లో ఒంగోలుకు వెళ్లిరి. ఒంగోలు నేడు ప్రకాశం జిల్లాలోనున్నను, ఆ కాలమున నెల్లూరు జిల్లాలోనిదే. 1867 జనవరి 1వ తేదీన అక్కడ ఎనిమిదిమంది సభ్యులతో సంఘము స్థాపింపబడెను.

తొలిదినములలో పెద్ద కులములవారు ఆయనను ఆదరించిరి. అయితే యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యము విని మాదిగ సోదరులు రాసాగినప్పుడు, వారిని చేర్చుకొన్నచో మేము రామని పెద్దలు తెలియజేసిరి. విందుకు ఎవరిని పిలువవలెనను ప్రశ్న ఆ దినమున దొరగారి యెదుట నిలిచెను. ఆయనయు, ఆయన భార్యయు వేరువేరు గదులలో బైబిలు తెరువగా, ఇద్దరికిని ఒకటే భాగము కనబడెను: 1 కొరింథీయులకు 1:26–29. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనను మాట అది. ఆ పిమ్మట వారు వెనుదీయలేదు.

అటుతరువాత 1876లో ధాత కరువు వచ్చెను. వానలు లేవు, గింజలు లేవు. ఆకలిగొన్నవారికి పని కల్పించుటకు ప్రభుత్వము సముద్రతీరము వెంబడి బకింగ్‌హామ్ కాలువ త్రవ్వించుచుండెను. క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ల భాగమును కంట్రాక్టుగా తీసికొనిరి. తమ లాభము కొరకు కాదు. దిక్కులేనివారికి పనియు, సరియైన కూలియు దొరకుటకే. పాత సర్వే విద్య ఇక్కడ పనికి వచ్చెను. సంఘ బోధకులు మేస్త్రీలైరి. వేలమంది పలుగు, పార, తట్ట పట్టుకొని అక్కడికి చేరిరి. కలరా వ్యాపించి అనేకులు మరణించిరి. అయినను పని ఆగలేదు, కూలి ఆగలేదు. త్రవ్వినవాడు చేయి చాపి బిచ్చమెత్తలేదు. కష్టార్జితముతో పిల్లలకు గంజి కాచి పోసెను.

ఇచ్చట ఒక కఠినమైన చిక్కు వచ్చెను. మధ్యాహ్న విశ్రాంతివేళ బోధకుల మాటలు వినిన కూలివారు అనేకులు బాప్తిస్మము అడిగిరి. అన్నము కొరకు మతము పుచ్చుకొనుచున్నారని లోకము అనదా? అంతకంటె ముఖ్యముగా, అది నిజమైనచో? మా సంఘములను గూర్చి ఈ నింద నేటికిని వినబడుచున్నది గనుక దీనిని దాచిపెట్టుట మాకిష్టము లేదు. దొరగారు ఒక నిశ్చయము చేసికొనిరి. కరువు సాయము జరుగుచున్నంతకాలము, అనగా సుమారు పదునైదు నెలలు, ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. అడిగినవారికి కూలి ఇచ్చిరి. బాప్తిస్మము మాత్రము ఇయ్యలేదు.

1878లో సాయపు పని ముగిసెను. ఇక ఇచ్చుటకు ఏమియు లేదని దొరగారు స్పష్టముగా తెలియజేసిరి. అయినను జనులు వచ్చిరి. మాకు సొమ్ము వద్దు, బాప్తిస్మమే కావలెనని వేడుకొనిరి. జూలై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరముగా వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో, బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా దిగి, ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. క్లౌ దొరగారు 1910లో అమెరికాలోని రోచెస్టరు పట్టణమున పరమపదించిరి.

2,222 అను సంఖ్యను మన పెద్దలు తరచుగా చెప్పుదురు. పదునైదు నెలలు వేచియుండుటను అంతగా చెప్పరు. ఇచ్చినదానికి బదులుగా మనిషి మనస్సును కొనకుండుట, ఇచ్చుటకంటె కష్టమని మాకు తోచుచున్నది.

చదువరులారా, వచ్చే పూరీము కాలమున ఒక సాయంకాలము మీ యింట గాని, గుడి ఆవరణములో గాని ఎస్తేరు కథను పిల్లలచేత ఆడించుడి. కాగితపు కిరీటములు చేయుడి. హామాను పేరు వచ్చినప్పుడు పళ్లెములు, గరిటెలు మ్రోగించనిండు. అయితే ఆ గోల దుష్టత్వము మీదనే గాని ఏ జాతి మీదను కాదని చెప్పుడి. మూడు మూలల వంటకము రానివారు కజ్జికాయలు చేయవచ్చును. ప్రతి కుటుంబమును మరియొక కుటుంబమునకు రెండు పదార్థములు పళ్లెములో పంపవలెను.

మూడవ పని మాత్రము విందుకు ముందే ముగియవలెను. రెండు బీద కుటుంబములకు, ఏ మతమువారైనను సరే, ఆ పూట వండుకొనుటకు సరిపడునది ఉదయమే చేర్చుడి. పేరు చదువవద్దు, ఫోటో తీయవద్దు, ఆరాధనకు రమ్మని ఆ గుమ్మమున అడుగవద్దు. వారి పొయ్యి వెలిగిన తరువాత మన విందుకు కూర్చుందము.

ప్రార్థన: ప్రభువా, ఇచ్చునప్పుడు మా చేతిని తెరువుము, ఇచ్చిన తరువాత మా నోటిని కాయుము. ఆమేన్.