శబ్దలోకానికి కవాటం తెరచిన ఫ్లెమింగ్

కొల్లేటి చుట్టుపట్ల గ్రామాలలోగాని, చింతలపూడి, తాడేపల్లిగూడెం వంటి ఊళ్లలోగాని ఒకప్పుడు రేడియో అంటే వాల్వుల రేడియోయే. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతంవారికి తెలుగు పాట, తెలుగు మాట మరింత చేరువైనవి. అయితే కరెంటుతో నడిచే ఆ పెట్టె మీట తిప్పిన మరుక్షణమే పలికేది కాదు. లోపలి గాజుబుడ్లు ఎర్రబారి వేడెక్కేదాకా శ్రోతలు ఓపిక పట్టవలసి వచ్చేది. ట్రాన్సిస్టరు వచ్చిన పిమ్మట ఆ పెట్టెలు అటకెక్కినవి.

అయినా ఆ గాజుబుడ్లకు పూర్తిగా కాలం చెల్లలేదు. ఈనాటికీ కొందరు సంగీతప్రియులు పాత వాల్వులను వెదకి తెచ్చుకొంటున్నారు. హెడ్‌ఫోనుకు జోడించే యాంప్లిఫయరులో వాటిని ఒకదాని తరువాత ఒకటిగా అమర్చి, వీణ తీగ నాదం దేనిలో నిండుగా ఉన్నదో, గాయకుని గొంతు దేనిలో సహజంగా ఉన్నదో పోల్చి చూచుకొంటున్నారు. ఇంగ్లండులో ముల్లార్డు, జర్మనీలో టెలిఫంకెన్, అమెరికాలో ఆర్.సి.ఏ. కంపెనీలు వెనుకటి రోజులలో తయారుచేసిన వాల్వులంటే వారికి ఎంతో మక్కువ. 1960 ప్రాంతాలలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా వాల్వులను తయారుచేసింది.

చెవికి ఇంతటి పరీక్ష పెట్టిన ఈ వస్తువుకు మూలపురుషుడు వినికిడి సన్నగిల్లినవాడు కావడం విచిత్రం. ఆయనే సర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్.

1849 నవంబరు 29న ఇంగ్లండులోని లాంకాస్టరు పట్టణంలో, ఒక క్రైస్తవ మతబోధకుని ఇంట ఫ్లెమింగ్ జన్మించినాడు. బాల్యంలోనే కుటుంబం లండను చేరింది. యంత్రాలంటే ఆ బాలునికి ప్రాణం. కాని తండ్రి కలవాడు కాడు. షేరు బజారులో గుమాస్తాగా పనిచేస్తూ, రాత్రులు చదువుకొని, 1870లో ఫ్లెమింగ్ పట్టభద్రుడైనాడు. ఆ తరువాత ఉపాధ్యాయవృత్తిలో కూడబెట్టిన సొమ్ముతో 1877లో కేంబ్రిడ్జిలో చేరినాడు. అప్పటికి ఆయనకు ఇరవై యేడేండ్లు. మహాశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ అక్కడ ఉపన్యసిస్తున్న రోజులవి. ఆ గహనమైన ఉపన్యాసాలకు వచ్చేవారు బహు కొద్దిమంది. ఒక్కొక్కనాడు ఫ్లెమింగ్ ఒక్కడే శ్రోత. 1885లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యపదవి లభించింది. 1926 వరకు, నలుబదియొక్క సంవత్సరాలు, ఆయన ఆ పదవిలోనే ఉన్నాడు.

అంతకు ముందే 1882లో, లండనులోని ఎడిసన్ విద్యుద్దీపాల కంపెనీకి ఆయన సలహాదారు అయినాడు. ఆ దీపాలలో ఒక చిక్కు ఉండేది. కొంతకాలం వెలిగిన తరువాత బల్బు లోపలి గాజు నల్లబడేది. కారణం వెదకుతూ ఎడిసన్ బల్బులో ఒక లోహపు రేకును అమర్చి చూచినాడు. మండే తీగకూ రేకుకూ నడుమ ఏ బంధమూ లేకపోయినా, రేకును ధన ధ్రువానికి కలిపినప్పుడు శూన్యం గుండా విద్యుత్తు ప్రవహించింది. ఎడిసన్ దానిని గుర్తించి వదలివేసినాడు. ఫ్లెమింగ్ మాత్రం అటువంటి బల్బులను ప్రత్యేకంగా చేయించి, సంవత్సరాల తరబడి పరీక్షించినాడు. అయితే వాటి ప్రయోజనమేమో అప్పటికి ఆయనకూ స్ఫురించలేదు. బల్బులు బీరువాలోకి చేరినవి.

1899లో మార్కోనీ కంపెనీ ఆయనను శాస్త్రీయ సలహాదారుగా నియమించింది. కార్న్‌వాల్ తీరాన పోల్డూలో మహత్తరమైన ప్రసారయంత్రాన్ని నిర్మించే బాధ్యత ఆయనది. 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ సముద్రం ఆవలి ఒడ్డున మార్కోనీ అందుకొన్న సంకేతం ఆ యంత్రం పంపినదే. అయితే కీర్తిలో సింహభాగం మార్కోనీకే దక్కింది.

వైర్‌లెస్ తొలినాళ్లలో సంకేతాలను కాగితపు చీలికపై అచ్చువేసి కంటితో చదివేవారు. క్రమంగా చెవికి టెలిఫోను గొట్టం ఆనించి వినే పద్ధతి వచ్చింది. వినికిడి సన్నగిల్లిన ఫ్లెమింగ్‌కు ఇది పెద్ద అవరోధమైంది. తాను నిర్మించిన యంత్రం పలికే పలుకును తానే వినలేని దుఃస్థితి! అందుచేత సంకేతాన్ని గాల్వనోమీటరు ముల్లు కదలికలో కంటితో చూడాలని ఆయన తలపోసినాడు. కాని రేడియోతరంగపు విద్యుత్తు క్షణంలో లక్షలమార్లు ముందుకూ వెనుకకూ ఊగుతుంది. ఆ ఊపుకు ముల్లు కదలదు. విద్యుత్తును ఒకేవైపు పోనిచ్చే సాధనం కావలెను. 1904 అక్టోబరులో ఆయనకు బీరువాలోని పాత బల్బులు జ్ఞప్తికి వచ్చినవి. ప్రయోగం ఫలించింది, ముల్లు కదిలింది. నవంబరు 16న పేటెంటుకు దరఖాస్తు చేసినాడు. ఒకవైపు నుండి నెట్టితేనే తెరుచుకొనే తలుపు వంటిది గనుక దానికి వాల్వు, అనగా కవాటం, అని పేరు పెట్టినాడు.

రెండేండ్లకు అమెరికాలో లీ డి ఫారెస్టు, తీగకూ రేకుకూ నడుమ మరొక తీగజల్లెడను చేర్చడం మొదలుపెట్టినాడు. జల్లెడపై స్వల్పమైన విద్యుత్పీడనం మారితే రేకుకు చేరే ప్రవాహం అధికంగా మారుతుంది. ఆ విధంగా సన్నని ధ్వని బిగ్గరైన ధ్వని కాగలిగింది. వాల్వుకూ వాల్వుకూ నాదంలో భేదం కలిగేది కూడా ఇక్కడనే. జల్లెడ ఎడం, తీగకు పూసిన పూత, లోపలి శూన్యం, అమరికలోని బిగువు ఏ రెండింటిలోనూ సరిగా ఒకటిగా ఉండవు. ఒకటి స్వరానికి ఛాయాస్వరాలను కొంచెం ఎక్కువగా చేరుస్తుంది, మరొకటి తట్టితే గంటవలె మ్రోగుతుంది, ఇంకొకటి బుసకొడుతుంది. హెడ్‌ఫోనులో ఆ బుస మరీ స్పష్టంగా వినవస్తుంది.

తన కల్పనకు డి ఫారెస్టు మెరుగులు దిద్ది, ఋణం ఒప్పుకొనలేదన్న బాధ ఫ్లెమింగ్‌ను జీవితమంతా వెన్నాడింది. వ్యాజ్యాలు దీర్ఘకాలం నడిచినవి. పేటెంటు హక్కు మార్కోనీ కంపెనీదే కావడంచేత, లోకాన్ని మార్చిన కల్పనవలన ఆయనకు ధనలాభం కలుగలేదు. 1929లో సర్ బిరుదు లభించింది. 1943లో, ఆయన తొంబదిమూడవ యేట, అమెరికా సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదని తీర్పు చెప్పింది.

మొదటి భార్య 1917లో మరణించగా, 1933లో తన ఎనుబదిమూడవ యేట ఆయన ఆలివ్ ఫ్రాంక్స్ అనే గాయనిని వివాహమాడినాడు. వినికిడి లోపించినవాని ఇంటికి సంగీతమే నడచివచ్చింది! 1945 ఏప్రిల్ 18న, తొంబదియైదవ యేట, డెవన్ తీరంలోని సిడ్‌మౌత్‌లో ఆయన కన్నుమూసినాడు.

వాల్వులను పోల్చేవారికి ఆయన చరిత్రలో ఒక హెచ్చరిక ఉన్నది. రెండింటిలో కొంచెం బిగ్గరగా పలికేదే మంచిదనిపించడం చెవికి సహజం. కనుక ముందు మీటరుతో ధ్వనిని సమంచేసి, ఆ తరువాతనే వినవలెను. చెవిని నమ్మలేక ఫ్లెమింగ్ ముల్లును ఆశ్రయించినాడు. ఆ ముల్లును కదలించిన బుడ్డియే కోట్లాది చెవులకు పాటను చేర్చింది. తన లోపానికి క్రుంగిపోక, దానికొక ఉపాయం వెదకినవాడు ఆయన. ఆ ఉపాయం ఆయన ఒక్కనికే కాక లోకానికంతటికీ అక్కరకు వచ్చింది.