తేడాని కొలిచినాయన: మహలనోబిస్

ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది టేబుళ్ళు, ఫార్ములాలు, పాస్ మార్కులు. ఆ ఫార్ములాలనే నదుల మీదకి, చేలల్లోకి, ఫ్యాక్టరీల్లోకి తీసుకెళ్ళిన మనిషి మన దేశంలోనే ఉన్నారు. ఆయనే ప్రశాంత చంద్ర మహలనోబిస్.

1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివి, 1913లో కేంబ్రిడ్జిలో చేరారు. అక్కడ రామానుజన్‌తో స్నేహం కుదిరింది. 1915లో చదువు అయిపోయి ఇంటికి బయల్దేరే సమయానికి యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీలో ఒక ట్యూటర్ లైబ్రరీలో బయోమెట్రికా అనే స్టాటిస్టిక్స్ పత్రిక చూపించారు. అది ఎంత నచ్చిందంటే, సంపుటాలన్నీ కొనేసి ఓడలోనే చదవడం మొదలుపెట్టారు. ఓడ ఎక్కింది ఫిజిక్స్ విద్యార్థి, దిగింది సగం స్టాటిస్టీషియన్!

కలకత్తాలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే, కాలేజీలోని ఒక గదిలో స్టాటిస్టిక్స్ లేబరేటరీ నడిపారు. 1931 డిసెంబర్ 17న అదే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అయింది.

ఆయన పనిలో నాకు బాగా నచ్చింది ఒరిస్సా వరదల కథ. 1926లో అక్కడ పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచిందని, కాబట్టి గట్లను ఇంకొన్ని అడుగులు ఎత్తు చేయాలని ఇంజనీర్లు అన్నారు. మహలనోబిస్ సుమారు 60 ఏళ్ళ లెక్కలు ముందేసుకుని చూశారు. నది అడుగు పెరిగిందనడానికి ఆధారం ఏమీ దొరకలేదు. వచ్చింది నదికి మామూలుగా ఉండే ఎగుడుదిగుళ్ళలో ఒక పెద్దది, అంతే. గట్లు పెంచితే లాభం లేదు, ఎగువన నీళ్ళు ఆపాలి అని తేల్చారు. మహానది మీద ఆయన వేసిన లెక్కలే తర్వాత హీరాకుడ్ డ్యామ్‌కు దారి చూపించాయి.

ఇక్కడ ఆయన వేసుకున్న ప్రశ్న ఒక్కటే. ఇది మామూలుగా వచ్చే తేడానా, లేక నిజంగా ఏదైనా మారిందా?

ఫ్యాక్టరీలో అడిగేదీ అచ్చంగా ఇదే. ఒకే మెషిన్ చేసిన రెండు బోల్టులు కూడా పూర్తిగా ఒకేలా ఉండవు. ప్రతి చిన్న తేడాకీ మెషిన్‌ని తిప్పుతూ పోతే తేడా ఇంకా పెరుగుతుంది. కొన్ని బోల్టులను అప్పుడప్పుడూ కొలిచి, సగటుని చార్టు మీద పెట్టాలి. అది హద్దుల్లోపల ఉంటే మెషిన్ జోలికి పోకూడదు, హద్దు దాటితే కారణం వెతకాలి. ఈ కంట్రోల్ చార్టుని 1924లో కనిపెట్టిన అమెరికన్ వాల్టర్ షూహార్ట్. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే, 1947-48లో, మహలనోబిస్ సంస్థ ఆయన్ని ఇక్కడికి పిలిపించింది. మన పరిశ్రమల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యమం అలా ఊపందుకుంది. హైదరాబాద్‌లో కూడా ఆ సంస్థకు క్వాలిటీ కంట్రోల్ విభాగం ఉంది.

మెషిన్ లెర్నింగ్ చేసేవాళ్ళకు మహలనోబిస్ డిస్టెన్స్ తెలిసే ఉంటుంది. అది 1936 నాటిది. ఆరడుగుల మనిషి వింత కాదు, 45 కిలోల మనిషీ వింత కాదు. కానీ ఆరడుగులుండి 45 కిలోలే ఉంటే ఆగి చూస్తాం. కొలతలను విడివిడిగా కాకుండా, వాటి మధ్య సంబంధంతో కలిపి చూడటమే అందులోని కిటుకు. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ 1956లో వచ్చింది కూడా ఆయన సంస్థకే.

మనకు ఇంకో బంధుత్వం కూడా ఉంది. 1941లో ఆంధ్ర యూనివర్సిటీలో చదివిన ఒక తెలుగు కుర్రాడు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, చివరికి మహలనోబిస్ దగ్గర శిక్షణలో చేరాడు. ఆయనే సి.ఆర్.రావు. పుట్టింది అప్పటి బళ్ళారి జిల్లా హడగలిలో. 1882 దాకా మన అనంతపురం కూడా బళ్ళారి జిల్లాలో భాగమే కదా!

బెంగాల్‌లో జనపనార పంట ఎంతో తెలుసుకోడానికి ప్రతి చేనూ కొలవకుండా, యాదృచ్ఛికంగా ఎంచిన కొన్నిటినే మహలనోబిస్ కొలిపించారు. ఒకే ప్రాంతానికి విడివిడిగా రెండు బృందాలను పంపి, రెండు లెక్కలూ పోల్చి చూసేవారు. మనుషులు చేసే పొరపాట్లు అలా బయటపడేవి. ఇప్పుడు మన మండలాల్లో అధికారులు చేనులో చిన్న ముక్క కొలిచి, కోసి, తూకం వేసేది కూడా ఈ రకం శాంపిలింగే. దిగుబడిని బట్టి ఇచ్చే బీమా అయితే రైతుకి వచ్చే డబ్బు ఆ తూకం మీదే తేలుతుంది. చేను ఎంపికలో ఎవరి ఇష్టాయిష్టాలైనా దూరితే ఊరంతా నష్టపోతుంది.

ఆయన చేసినవన్నీ అందరూ మెచ్చలేదు. రెండో పంచవర్ష ప్రణాళికలో భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసి, వ్యవసాయాన్ని వెనక్కి నెట్టారనే విమర్శ ఇప్పటికీ ఉంది. 1972 జూన్ 28న, 79 ఏళ్ళు నిండడానికి ఒక్కరోజు ముందు కన్నుమూశారు. 2007 నుంచి ఆయన పుట్టినరోజునే జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.

అనంతపురం సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. కానీ శెనక్కాయ చేనుకి సగటుతో పనిలేదు. ఊడలు దిగే టైంలో నెల రోజులు వాన మొహం చాటేస్తే, తర్వాత ఎంత కురిసినా కాయ నిండదు. రేపు మనలో ఎవరైనా ఇక్కడ చెక్‌డ్యామ్ డిజైన్ చేసినా, పంట యాప్ రాసినా, 550 అనే ఒక్క అంకె పట్టుకుని కూర్చుంటే కుదరదు. దాని చుట్టూ ఉన్న ఎగుడుదిగుళ్ళు చూడాలి. ఈ కరువు ఎప్పుడూ వచ్చేదేనా, లేక నిజంగా ఏదైనా మారిందా అని లెక్క తీసి అడగాలి. సెమిస్టర్ అయిపోయినా ఈ ప్రశ్న మాత్రం మనతోనే ఉంటుంది.