కానో జిగొరో

కానో జిగొరో (1860 డిసెంబర్ 10 - 1938 మే 4) జపాన్ దేశానికి చెందిన విద్యావేత్త, జూడో క్రీడకు మూలపురుషుడు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో సభ్యత్వం పొందిన మొట్టమొదటి ఆసియా వాసి. తెలుగువారిలో వలెనే జపాను వారిలోనూ ఇంటిపేరు ముందు వస్తుంది. కానో అనేది ఇతని ఇంటిపేరు, జిగొరో వ్యక్తి పేరు.

జననం, బాల్యం

కానో కోబె నగర సమీపంలోని మికాగె అనే ఊరిలో జన్మించాడు. వీరిది బియ్యంతో చేసే సాకె అనే మద్యం తయారీలో పేరుపొందిన సంపన్న కుటుంబం. తండ్రి జిరోసాకు మాత్రం ఆ వ్యాపారంలో ఉండక, ప్రభుత్వ నౌకా రవాణా వ్యవహారాలు చూసేవాడు. కానో చిన్నతనంలోనే తల్లి మరణించింది. తరువాత తండ్రి కుమారుని టోక్యోకు తీసుకువెళ్ళి చదివించాడు.

చదువులో ముందున్నా కానో పొట్టిగా, బలహీనంగా ఉండేవాడు. పెద్దవాడైన తరువాత కూడా ఇతని ఎత్తు సుమారు 5 అడుగుల 2 అంగుళాలే. బడిలో బలవంతులైన తోటి విద్యార్థులు ఇతనిని వేధించేవారు. బలహీనుడు బలవంతుని పడగొట్టగల జుజుత్సు అనే విద్య ఉన్నదని విని దానిని నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాడు.

జుజుత్సు అభ్యాసం

1868లో మెయిజి పాలన ఆరంభమైన తరువాత జపాన్ పాశ్చాత్య పద్ధతుల వైపు మొగ్గింది. సమురాయి వర్గం ప్రాభవం కోల్పోయింది. జుజుత్సు గురువులలో పలువురు ఎముకలు కట్టే వైద్యం చేసి జీవించసాగారు. 1877లో టోక్యో విశ్వవిద్యాలయంలో చేరిన కానో, అటువంటి వైద్యులను వెదకుతూ ఫుకుదా హచినోసుకె అనే గురువును చేరుకున్నాడు. ఫుకుదా 1879లో మరణించగా ఇసో మసతొమొ వద్ద, ఆయన కూడా మరణించిన తరువాత ఇయికుబొ త్సునెతొషి వద్ద విద్య కొనసాగించాడు. మొదటి ఇద్దరిది ఒక సంప్రదాయం, ఇయికుబొది మరొకటి. రెండింటినీ పోల్చి చూడగలగడం తరువాతి కాలంలో ఇతనికి ఎంతో ఉపకరించింది.

కొదొకాన్ స్థాపన

1882లో, 21 ఏళ్ళ వయసులో, కానో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో 12 చాపలు పట్టే చిన్న గదిలో కొదొకాన్ అనే శిక్షణాలయాన్ని ప్రారంభించాడు. ఆ తొలి ఏడాది చేరిన శిష్యులు తొమ్మండుగురు మాత్రమే. తాను నేర్పే విద్యకు జూడో అని పేరుపెట్టాడు. జూ అంటే మృదుత్వం, దో అంటే మార్గం.

ప్రాణాపాయం కలిగించే పట్లను కానో స్వేచ్ఛాభ్యాసం నుండి తొలగించి, నిర్ణీత క్రమంలో చేసే ప్రదర్శనాభ్యాసానికి పరిమితం చేశాడు. దానివల్ల శిష్యులు పూర్తి బలంతో, గాయపడకుండా, ప్రతిరోజూ తలపడే వీలు కలిగింది. ప్రత్యర్థిని ఎత్తి పడవేసే ముందు అతని తూకం తప్పించాలన్నది జూడోకు మూలసూత్రం. ప్రత్యర్థి నెట్టినప్పుడు ఎదురు నెట్టక వెనుకకు లాగితే, అతని బలమే అతనిని పడగొడుతుంది. 1880ల దశకంలో టోక్యో పోలీసు శాఖ ఏర్పాటు చేసిన పోటీలలో కొదొకాన్ శిష్యులు పాత జుజుత్సు సంప్రదాయాల వారిపై విజయాలు సాధించడంతో జూడో పేరు దేశమంతటా వ్యాపించింది.

1883లో తొమిత త్సునెజిరో, సైగో షిరో అనే శిష్యులకు దాన్ అనే ప్రథమ శ్రేణి ఇచ్చాడు. నేడు అనేక యుద్ధవిద్యలలో కనిపించే శ్రేణుల విధానానికి, నల్ల పట్టీకి ఇదే ఆధారం. 1893లో తొలిసారిగా ఒక మహిళను శిష్యురాలిగా స్వీకరించాడు. 1926లో కొదొకాన్‌లో మహిళా విభాగం ఏర్పడింది.

విద్యారంగంలో సేవ

కానో వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1893 నుండి 1920 వరకు, మధ్యలో కొంత విరామంతో, టోక్యో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అధిపతిగా పనిచేశాడు. చైనా నుండి వచ్చే విద్యార్థుల కొరకు కోబున్ గకుయిన్ అనే పాఠశాలను నడిపాడు. ఆధునిక చైనా సాహిత్యంలో అగ్రగణ్యుడైన లూ షున్ 1902 నుండి 1904 వరకు అక్కడే చదివాడు.

శక్తిని సార్థకంగా వినియోగించడం, తానూ ఇతరులూ కలిసి అభివృద్ధి చెందడం అనే రెండు ఆశయాలను కానో జూడోకు లక్ష్యాలుగా నిర్దేశించాడు.

ఒలింపిక్ ఉద్యమం

కానో 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యుడయ్యాడు. 1911లో జపాన్ అమెచ్యూర్ అథ్లెటిక్ సంఘాన్ని స్థాపించి, 1912 స్టాక్‌హోమ్ క్రీడలకు ఇద్దరు క్రీడాకారులను వెంటబెట్టుకుని వెళ్ళాడు. వారిలో మారథాన్ పరుగువీరుడు కనకురి షిజో ఎండదెబ్బకు తాళలేక పందెం మధ్యలోనే ఆగిపోయాడు.

1940 ఒలింపిక్ క్రీడలను టోక్యోకు రప్పించడానికి కానో వృద్ధాప్యంలో పలుమార్లు విదేశాలకు ప్రయాణించాడు. 1936లో బెర్లిన్ సమావేశంలో టోక్యో 36-27 ఓట్లతో హెల్సింకీపై నెగ్గింది. కాని 1937లో జపాన్ చైనాపై యుద్ధానికి దిగడంతో అనేక దేశాలు ఆక్షేపించాయి. 1938 మార్చిలో కైరో సమావేశానికి హాజరై కానో ఆతిథ్య హక్కును నిలబెట్టుకున్నాడు. తిరుగు ప్రయాణంలో హికవ మారు అనే ఓడలో న్యుమోనియాతో, తీరం చేరడానికి రెండు రోజుల ముందు, మే 4న మరణించాడు. జూలైలో జపాన్ ప్రభుత్వం ఆ క్రీడలను వదులుకుంది.

మరణానంతరం జూడో పోటీలు

జూడోను ఒలింపిక్ క్రీడగా చేర్చాలని కానో గట్టిగా ప్రయత్నించలేదు. గెలుపే పరమార్థం కారాదని ఇతని భావన. అయినా కాలక్రమేణా జూడో అంతర్జాతీయ పోటీల బాట పట్టింది. 1951లో అంతర్జాతీయ జూడో సమాఖ్య ఏర్పడగా, కానో కుమారుడు రిసెయి 1952లో దాని అధ్యక్షుడయ్యాడు.

మొదటి ప్రపంచ పోటీలు 1956లో టోక్యోలో, బరువు విభాగాలు లేకుండా జరిగాయి. నత్సుయి షోకిచి స్వర్ణం, యొషిమత్సు యొషిహికొ రజతం గెలిచారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఆంటన్ గీసింక్, ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ కూర్తీన్ కాంస్యాలు పొందారు. 1961లో ప్యారిస్‌లో గీసింక్ ప్రపంచ విజేతగా నిలిచాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడోకు తొలిసారి స్థానం లభించింది. నాలుగు స్వర్ణాలలో మూడు జపాన్‌కు దక్కాయి. బరువు పరిమితి లేని విభాగంలో మాత్రం గీసింక్ కమినగ అకియొను ఓడించాడు. సొంతగడ్డపై ఎదురైన ఈ ఓటమి జపాన్ ప్రజలను కలచివేసింది, జూడో ఒక దేశపు సొత్తు కాదని కూడా నిరూపించింది. మహిళల ప్రపంచ పోటీలు 1980లో మొదలయ్యాయి. 1992 నుండి ఒలింపిక్స్‌లో మహిళలకూ పతకాలు ఇస్తున్నారు. 1978లో ఇతని పేరిట టోక్యోలో కానో కప్ అంతర్జాతీయ పోటీ ఆరంభమైంది. 2009 నుండి ఆ స్థానంలో టోక్యో గ్రాండ్ స్లామ్ జరుగుతున్నది.

భారతదేశంతో సంబంధం

రవీంద్రనాథ్ ఠాగూర్ ఆహ్వానంపై 1929లో కొదొకాన్ శిక్షకుడు తకగకి షింజో శాంతినికేతన్‌కు వచ్చి, అక్కడి విద్యార్థినీ విద్యార్థులకు జూడో నేర్పాడు. మల్లయుద్ధం, కుస్తీ అనాదిగా ఉన్న ఈ దేశంలో జూడో వేరూనడానికి చేసిన తొలి ప్రయత్నాలలో ఇది ముఖ్యమైనది.