గబ్బిలంతో కబురు పంపిన కవి

2012 వేసవి. దుబాయ్ సోనాపూర్‌లో మా క్యాంపు. మా సైట్‌లో స్కాఫోల్డింగ్ పని చేసే నిజామాబాద్ తమ్ముడొకడు రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. గుండె ఆగిందన్నారు. పోలీసు రిపోర్టు, ఎంబామింగ్, కాన్సులేట్ కాగితాలు అన్నీ అయ్యి పెట్టె విమానం ఎక్కేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ గదిలో అతని మంచం అలాగే ఉంది. ఎవరూ దాని మీద చొక్కా కూడా వేయలేదు. ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. డ్యూటీకి పోవడం, రావడం, ఇంత వండుకోవడం, గోడవైపు తిరిగి పడుకోవడం. సూపర్‌వైజర్‌ని కదా, ధైర్యం చెప్పాల్సినవాణ్ణి నేనే. నాకూ నోట మాట రాలేదు.

పెట్టె వెళ్ళిపోయిన రోజు రాత్రి పక్క గదిలో ఉండే పల్నాటి పెద్దాయన వచ్చి ఆ ఖాళీ మంచం అంచున కూర్చున్నాడు. షట్టరింగ్ కార్పెంటర్. ఊళ్ళో ఉన్నప్పుడు హరిశ్చంద్ర వేషం కట్టేవాడట. ఎవర్నీ ఏమీ అడగలేదు. చెవి మీద చెయ్యి పెట్టుకుని కాటిసీను పద్యం ఎత్తుకున్నాడు. రెండో పద్యానికి కడప వాళ్ళు, జగిత్యాల వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు గుమ్మం దాకా నిండిపోయారు. మూడో పద్యంలో ఎవరో వెక్కి ఏడ్చారు. తర్వాత అందరం ఏడ్చాం. ఏడుపయ్యాక టీ పెట్టుకున్నాం. తెల్లారి మూడింటి దాకా ఆ తమ్ముడి గురించి మాట్లాడుకున్నాం.

ఆ పద్యాలు ఎవరివని అడిగితే పెద్దాయన జాషువా పేరు చెప్పాడు. నాకు సిగ్గేసింది. బళ్ళో చదువుకున్న పాఠమే. మార్కుల కోసం బట్టీ పట్టి మర్చిపోయాను. ఆ తర్వాతి సెలవులో హైదరాబాద్ కోఠీలో ‘గబ్బిలం’ కొని, పచ్చడి డబ్బాల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను. అప్పట్నుంచి ఆయన జీవితం గురించి దొరికిందల్లా చదివాను. అది మీతో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు.

వినుకొండ పిల్లవాడు

గుర్రం జాషువా 1895 సెప్టెంబర్ 28న గుంటూరు జిల్లా వినుకొండలో పుట్టారు. ఆ ఊరు 2022 నుంచి పల్నాడు జిల్లాలోకి వచ్చింది. తండ్రి వీరయ్య యాదవ కులం, తల్లి లింగమాంబ మాదిగ కులం. ఇంట్లో క్రైస్తవం. ఆ రోజుల్లో కులం దాటి చేసుకున్న పెళ్ళంటే ఎవరి వాడలోనూ పూర్తిగా చోటు దొరకదు. పిల్లవాడికి అంటరానితనం బళ్ళోనే ఎదురైంది. తోటి పిల్లలూ, పంతుళ్ళూ దూరం జరిగితే ఊరుకునే రకం కాదాయన. తిరగబడేవాడు. పాటలు పాడేవాడు, బొమ్మలు గీసేవాడు.

ఊళ్ళో ఆయన్ని దగ్గరకు తీసినవాళ్ళూ లేకపోలేదు. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రితో కలిసి పద్యాలు అల్లడం మొదలుపెట్టారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర సంస్కృతం నేర్చుకుని కాళిదాసు ‘మేఘసందేశం’ చదువుకున్నారు. భార్యకు దూరమైన యక్షుడు మబ్బుతో కబురు పంపే కథ అది. ఆ పాఠం ఆయనలో ఎన్నో ఏళ్ళు నానింది. దానికి ఏ మొలక వచ్చిందో ముందు ముందు చెప్తాను.

సభలో తగిలిన దెబ్బ

వినుకొండలో ఒకసారి అవధాన సభ జరిగింది. యువకుడైన జాషువా అక్కడ తన పద్యాలు చదివారు. పద్యం బాగుందో లేదో చూడాల్సిన పెద్దల్లో కొందరు చదివినవాడి కులం చూశారు. ఇతణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని గొడవ చేశారు. నిండు సభలో తలవంపు. ఆ తర్వాత ఆయన చాలా కుంగిపోయారు. ఆ కుంగుబాటు నుంచి బయటికి లాగింది పీసపాటి చిదంబరకవి ఇచ్చిన ప్రోత్సాహం. ఒక కవి పడిపోతే ఇంకో కవి చెయ్యిచ్చి లేపాడు.

బయటి దెబ్బలు ఒకవైపు నుంచే రాలేదు. అంటరానివాడు, అందులోనూ క్రైస్తవుడు, పద్యాలు రాయడమేమిటని పండితుల్లో కొందరు. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథలు రాయడమేమిటని సొంత మతం పెద్దలు. చర్చి వాళ్ళు ఆయన్ను వెలివేశారు కూడా. రెండు గుమ్మాలూ మూసుకున్న మనిషి నిలబడేది ఎక్కడ? జాషువా పద్యంలోనే ఇల్లు కట్టుకున్నారు.

పొట్టకూటి పనులు

మనలాగే ఆయనా పని కోసం ఊళ్ళు తిరిగినవాడే. 1910లో మేరీతో పెళ్ళయింది. మిషన్ బళ్ళో నెలకు 3 రూపాయల జీతానికి పంతులుగా చేరారు. ఆ ఉద్యోగం పోయింది. పని వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్ళి 1915-16 ప్రాంతంలో సినిమా హాల్లో వాచకుడిగా కుదిరారు. అవి మూకీ సినిమాల రోజులు. తెర మీద బొమ్మ కదులుతుంటుంది, మాట ఉండదు. తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పాలి, మాటలు పలకాలి. జనాన్ని నవ్వించేదీ ఏడిపించేదీ ఆ గొంతే. చదువు రాని మనిషి మనసులోకి మాట ఎలా దిగుతుందో జాషువా అక్కడే బాగా నేర్చుకుని ఉంటారని నా నమ్మకం.

తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పనిచేశారు. 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడు. ఉభయభాషా ప్రవీణ పట్టా కూడా సంపాదించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడిగా, 1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాతగా చేశారు. ఎక్కడ ఏ పని చేసినా రాత మానలేదు, సభల్లో చదవడం మానలేదు.

1932లో వచ్చిన ‘ఫిరదౌసి’ మనలాంటి వాళ్ళు తప్పక చదవాల్సిన కావ్యం. ఫిరదౌసి పర్షియా కవి. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని గజనీ సుల్తాను మాటిచ్చాడు. కవి ముప్పై ఏళ్ళు కష్టపడి రాశాడు. తీరా పని పూర్తయ్యాక బంగారం బదులు వెండి వచ్చింది. చివరికి సుల్తాను మనసు మార్చుకుని బంగారం పంపేసరికి కవి శవమై వెళ్తున్నాడు. కూతురు ఆ సొమ్ము ముట్టలేదు. కాగితంలో ఒక జీతం, చేతికి ఇంకో జీతం చూసినవాడెవడైనా ఈ కథ చదివితే పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుంటాడు.

గబ్బిలమే ఎందుకు?

ఇక ఆ మొలక సంగతి. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. కాళిదాసు యక్షుడికి మబ్బు దొరికింది. జాషువా కథానాయకుడు దక్షిణాదిలోని ఒక పేద అంటరాని మనిషి. రెక్కలు ముక్కలు చేసుకున్నా కడుపు నిండనివాడు. తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పుకోవాలి. గుడి తలుపు అతనికి మూసి ఉంది. రాత్రిపూట అతని గుడిసెలోకి ఒక గబ్బిలం వచ్చింది. దానితోనే కబురు పంపాడు.

ఎందుకంత తీసికట్టు పిట్ట? ఇంట్లోకొస్తే అరిష్టమని జనం తరిమేది గబ్బిలాన్ని. అయినా గుడిలోకి వెళ్ళి దేవుడి నెత్తిమీద వేలాడే వీలు దానికుంది. మనిషికి లేదు. ఈ ఒక్క పోలికతో జాషువా లోకాన్ని నిలదీశారు. కోపంతో అరవలేదు. ఇల్లు దాటని మనిషి దారి గుర్తులు చెప్పినట్టు, తెలుగువాళ్ళ చరిత్ర ఉన్న ఊళ్ళన్నీ చూసుకుంటూ వెళ్ళమని ఆ పిట్టకు దారి చెప్పించారు. తనను వెలివేసిన దేశాన్ని అంత ప్రేమగా చూపించిన మనిషిని నేను ఇంకెక్కడా చదవలేదు. మద్రాసు రాష్ట్రంలో దళితుల గుడి ప్రవేశాన్ని హక్కుగా చేసిన చట్టం వచ్చింది 1947లో. అంటే ఈ కావ్యం దానికి ఆరేళ్ళు ముందు.

నేను ఆ పుస్తకాన్ని మా గదిలో చదివాను, అర్థం కాని చోట పెద్దాయన విడమరిచి చెప్పాడు. మంచాల మీద అందరూ విన్నారు. ఊరికి వెళ్ళలేనివాడు ఇంకొకరితో కబురు పంపడం మనకు చెప్పాలా? సెలవు మీద వెళ్ళే ప్రతి మనిషీ ఎవరో ఒకరి గబ్బిలమే కదా.

నాటకం ఎక్కిన పద్యాలు

మళ్ళీ ఆ రాత్రి పద్యాల దగ్గరికొస్తాను. జాషువా రాసిన ఖండకావ్యాల్లో ‘శ్మశానవాటి’ ఒకటి. కవి, రాజు, పసిబిడ్డ, బిచ్చగాడు అందరూ ఒకే బూడిదయ్యే చోటు గురించి ఆ పద్యాలు. బతికుండగా దొరకని సమానత్వం కాటిలో దొరుకుతోందన్న బాధ వాటిలో ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకం ఆడే నటులు ఈ పద్యాలను తీసుకెళ్ళి కాటిసీనులో కలుపుకున్నారు. అప్పు తీర్చడానికి తనను తాను అమ్ముకుని కాటికాపరైన రాజు నోట ఆ మాటలు అతికినట్టు కుదిరాయి. అక్కణ్ణుంచి అవి ఊరూరా తిరిగాయి. రచయిత పేరు తెలియనివాళ్ళు కూడా తెల్లవార్లూ కూర్చుని విన్నారు, వన్స్‌మోర్ కొట్టారు. సభలోకి రానివ్వని మనిషి పద్యాలను రచ్చబండ దగ్గర అన్ని కులాలవాళ్ళూ కలిసి కూర్చుని వింటున్నారు. జాషువా గెలుపు అదే అనిపిస్తుంది నాకు.

కాలికి గండపెండేరం

తర్వాత పెద్దల మనసులూ మారాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అవధాన విద్యకే పేరు తెచ్చిన మహాపండితుడు. ఆయనే ఒక సన్మాన సభలో వంగి జాషువా కాలికి స్వయంగా గండపెండేరం తొడిగారు. అవధాన సభలో తల దించుకున్న కుర్రవాడి పాదం దగ్గర అవధానుల గురువే తల వంచారన్నమాట. నవయుగ కవిచక్రవర్తి, కవికోకిల లాంటి బిరుదులొచ్చాయి. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, అదే ఏడు శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్.

ఇవన్నీ వచ్చాయి కాబట్టి గాయం మానిపోయిందని చెప్పలేం. తన జీవితాన్ని ‘నా కథ’ పేరుతో పద్యాల్లోనే రాసుకున్నారు. పడ్డ అవమానాలు ఒక్కటీ దాచలేదు. దాచకుండా చెప్పడమే ఆయన వైద్యం. ఆయన కూతురు హేమలత పేరున్న నాస్తిక ఉద్యమ నాయకుడు గోరా ఇంటి కోడలయ్యారు. భర్త లవణంతో కలిసి స్టూవర్టుపురంలో నేరస్తులన్న ముద్ర పడ్డ కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. తండ్రి పద్యంలో చెప్పింది బిడ్డ చేతల్లో చూపించారు. జాషువా 1971 జూలై 24న గుంటూరులో, 75 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మన గదుల్లో

2012లో ఆ రాత్రి తర్వాత మా క్యాంపులో నెలకొక సాయంత్రం పద్యానికీ పాటకీ పెట్టుకున్నాం. మైకు లేదు, స్టేజి లేదు. బియ్యం బస్తా మీద కూర్చుని పెద్దాయన పద్యం, జగిత్యాల తమ్ముళ్ళు ఒగ్గుకథ, శ్రీకాకుళం వాళ్ళు జానపదాలు. ఒకడు భార్యకు ఫోన్‌లో చెప్పలేని మాటలు పాట కట్టి మా ముందు పాడాడు. రాసింది తప్పుల తడక. అయినా ఆ రోజు అతను తేలిగ్గా నిద్రపోయాడు. నువ్వే ఊరు, నువ్వే కులం అని ఆ సాయంత్రాల్లో ఎవరూ అడగలేదు.

పెద్దాయన 2016లో ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మా గదుల్లో ప్రతి మంచానికీ ఒక పరదా, పరదా వెనక ఒక ఫోను. ఎవడి చెవుల్లో వాడి ఇయర్‌ఫోన్లు. బాధ లోపల పెట్టుకుని కూర్చోవడానికి ఇంతకంటే వీలైన కాలం లేదు. అందుకే అడుగుతున్నాను. ఈసారి జూలై 24న ఒక్క గంట ఆ ఫోన్లు పక్కన పెట్టండి. మీ గదిలోనూ కాటిసీను వచ్చినవాడు ఎవడో ఒకడు ఉండే ఉంటాడు. సిగ్గుపడుతున్నాడేమో, మీరే అడిగి పాడించండి అన్నలారా.