గిడుగువారి ధర్మనిష్ఠ

నీతికి పెద్దలు మూడు కొలతలు చెప్పారు. కాంట్‌కు కర్తవ్యం, మిల్లుకు పదిమంది మేలు, అరిస్టాటిలుకు శీలం ప్రధానం. మూడింటికీ సరితూగిన జీవితం మన గంజాం సీమలోనే నడిచింది.

గిడుగు వెంకట రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగం చెంత పర్వతాలపేటలో జన్మించారు. 1880లో నాటి గంజాం జిల్లా పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. కొండలలోని సవరల భాష నేర్చి, సొంత సొమ్ముతో వారికి బడులు పెట్టి, వారి భాషలోనే చదువు చెప్పించారు. అది పదిమంది మేలు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో బడి పెట్టించండన్నారు. అది శీలం. సవర బిడ్డకు ముందుగా కోరిన న్యాయాన్నే పిదప వాడుకభాషోద్యమంలో తెలుగు బిడ్డకూ కోరారు. ఒకరికి ధర్మమైనది అందరికీ ధర్మమే కావాలన్న కాంట్ కర్తవ్యం అదే.

మలేరియాకు పుచ్చుకొన్న క్వినైనుతో వినికిడి పోయినా ఆయన వెనుదీయలేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా మనసు నొచ్చి రాజమహేంద్రవరం తరలిపోయారు. ఊరు విడిచారే గాని సవరలను విడువలేదు. 1931లో వెలువడిన సవర వ్యాకరణానికి తోడు 1938లో నిఘంటువును అందించి, 1940లో కన్నుమూశారు.

బరంపురంలో మన పిల్లలకు తెలుగు చదువు కోరుకొనే మనం, పొరుగువారి భాషనూ అంతే ఆదరిద్దాం. ఈ ఉగాదినాడు గిడుగువారికి మనం చెల్లించదగిన ఋణం అదే.