లెక్క తప్పని మనిషి – శ్రీ ఎ.ఎస్. రావు

మన ల్యాబులో ఫ్రీక్వెన్సీ కౌంటర్‌కి ఒక సిగ్నల్ కలిపి చూసిన వారందరికీ ఒక సంగతి తెలుసు. ముందరి అంకెలన్నీ నిలకడగా ఉన్నా చివరి అంకె మాత్రం ఒకటి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. దాన్ని రికార్డులో రాయాలా, మానాలా? పక్కవాణ్ణి అడుగుతాం. వాడు ఏం రాస్తే మనమూ అదే రాసి సంతకం పెట్టించుకుంటాం. ఆ పెట్టె లోపల ఏం జరుగుతోందో ఆలోచించేవాళ్ళు కొద్దిమందే.

తార్నాక దాటి మౌలాలి వైపు వెళ్ళే బస్సులో కూర్చుంటే కాసేపట్లో ఈ.సి.ఐ.ఎల్. చౌరస్తా వస్తుంది. ఆ పక్కనే ఎ.ఎస్. రావు నగర్. ఆ బోర్డు చదువుతూ పోయేవాళ్ళం చాలామందిమి. ఆ రావు గారు ఎవరని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం. ఆ పెట్టె లోపల జరిగే పనినే జీవితకాలం పట్టుకున్న తెలుగువారు ఆయన.

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, అక్కడే కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు. 1946లో టాటా స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా తీసుకున్నారు. అప్పట్లో ఆ పక్క ఊళ్ళోనే హ్యూలెట్ పాకర్డ్ అనే చిన్న కంపెనీ కొలత పరికరాలు తయారు చేస్తూ ఎదుగుతోంది. రావు గారు అక్కడే ఉండిపోదలిస్తే ఉద్యోగానికి లోటు ఉండేది కాదు. కాని ఆయన తిరిగి వచ్చి, బొంబాయిలో హోమీ భాభా గారి బృందంలో చేరారు.

ఆ బృందానికి మొదట కావలసింది లెక్కపెట్టే యంత్రాలే. కాస్మిక్ కిరణం గాని, యురేనియం నుంచి వెలువడిన కణం గాని గైగర్ గొట్టంలోంచి దూసుకుపోతే ఒక చిన్న విద్యుత్ పల్సు పుడుతుంది. ఆ పల్సులు లెక్కపెడితేనే ప్రయోగం. మనిషి చెవికీ, గడియారపు ముళ్ళకీ అందని వేగం అది. 1932లో కేంబ్రిడ్జిలో విన్ విలియమ్స్ రెండేసి పల్సులకు ఒకటి చొప్పున బయటికి పంపే సర్క్యూటు కట్టి దారి చూపించాడు. అలాంటివి వరసగా కలిపితే ఆ వేగాన్ని మన అదుపులోకి తెచ్చుకోవచ్చు. దీన్నే స్కేలర్ అన్నారు.

మన ఫ్రీక్వెన్సీ కౌంటర్ ఈ స్కేలర్‌కి తోబుట్టువే. స్కేలర్ ముందు ఒక గేటు పెట్టి, క్వార్ట్‌జ్ గడియారంతో ఆ గేటు సరిగ్గా ఒక సెకను తెరిచి మూస్తే చాలు, లోపలికి వచ్చిన సైకిళ్ళ సంఖ్యే ఫ్రీక్వెన్సీ! అణుప్రయోగాల కోసం పెంచిన వేగవంతమైన సర్క్యూట్లతోనే హ్యూలెట్ పాకర్డ్ వారు 1950 దశకం తొలినాళ్ళలో సెకనుకు కోటి సైకిళ్ళు లెక్కించే కౌంటర్ తెచ్చారు.

చివరి అంకె గుట్టు కూడా ఇక్కడే ఉంది. గేటు తెరుచుకునే క్షణానికీ సిగ్నల్‌కీ పొత్తు లేదు కనుక ఒక సైకిల్ ఎక్కువో తక్కువో పడుతుంది. 50 హెర్ట్‌జ్ కరెంటును ఒక సెకను కొలిస్తే, ఆ ఒక్కటే నూటికి రెండు పాళ్ళ తప్పు. అదే తిరగేసి, ఒక సైకిల్ పట్టే 20 మిల్లీ సెకన్లలో 1 మెగాహెర్ట్‌జ్ గడియారం ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కిస్తే 20,000 వస్తుంది. అప్పుడు తప్పు ఇరవై వేలలో ఒకటే. పెట్టె అదే, అడిగే పద్ధతి వేరు.

మళ్ళీ రావు గారి దగ్గరికి వద్దాం. ఇలాంటి పరికరాలను విదేశాల నుంచి తెప్పించుకోవడం ఒక దారి. డాలర్లు కావాలి, అనుమతులు కావాలి, చెడిపోతే మళ్ళీ వాళ్ళ కాళ్ళే పట్టుకోవాలి. రెండో దారి ఇక్కడే తయారు చేసుకోవడం. రావు గారు రెండో దారి పట్టారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది గాని, రియాక్టర్‌ని అదుపులో ఉంచే కంట్రోలు వ్యవస్థను రావు గారి బృందం ఇక్కడే కట్టింది. న్యూట్రాన్ల లెక్క తప్పితే ల్యాబు రికార్డులో మార్కు పోవడంతో ఆగేది కాదది! ఆ బాధ్యతను మనవాళ్ళు తమ చేతి పనిమీద నమ్మకంతో తలకెత్తుకున్నారు.

1962 చైనా యుద్ధం తర్వాత దేశానికి ఎలక్ట్రానిక్స్ ఎంత అవసరమో తేల్చడానికి 1963లో భాభా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. అందులో సారాభాయి, రావు గార్లతో పాటు, 1952 నుంచి 1957 దాకా మన ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సూరి భగవంతం గారు కూడా ఉన్నారు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించారు. పని ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. పుట్టింది. దాని పగ్గాలు రావు గారి చేతికి వచ్చాయి. రెండేళ్ళకే, 1969లో, టి.డి.సి. 12 అనే కంప్యూటర్ అక్కడ తయారైంది.

1975–76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు అందించారు. మన తెలుగు పల్లెలూ అందులో ఉన్నాయి. ఆకాశం నుంచి 860 మెగాహెర్ట్‌జ్ దగ్గర దిగిన ఆ సిగ్నల్‌ను అందుకున్న సెట్లు ఈ.సి.ఐ.ఎల్. వారివే. 1977లో, హబ్సిగూడ దాటితే వచ్చే మన రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం వచ్చింది. అక్కడి టవర్ నుంచి వెలువడిన తరంగాలను ఈ ఊరి ఇళ్ళలో ఎన్నో ఈ.సి. టీవీలు పట్టుకున్నాయి.

పద్మశ్రీ (1960), భట్నాగర్ బహుమతి (1965), పద్మభూషణ్ (1972) ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాయి. 1978లో పదవీ విరమణ చేశారు. 2003లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఓటు వేసిన యంత్రాల్లో ఈ.సి.ఐ.ఎల్. చేసినవీ ఉన్నాయి. అవీ లెక్కపెట్టే యంత్రాలే కదా!

ఆయన తలపెట్టినవన్నీ నిలవలేదు. ఈ.సి. టీవీలు బజారు పోటీకి ఆగలేక కనుమరుగయ్యాయి. ఈ దేశపు కంప్యూటర్లంటే బయటి చిప్పులే అయ్యాయి. ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే కౌంటర్ దొరుకుతోంది. కొనుక్కోవడం తేలిక కాబట్టి లోపల ఏముందో తెలియనక్కర లేదనే మాట మన ల్యాబులోనూ వినిపిస్తోంది. రావు గారి జీవితం ఆ మాటకు జవాబు. పరికరం ఎవరి చేతిలో ఉందన్నది చిన్న ప్రశ్న. అది ఎక్కడ తప్పుతుందో ఎవరికి తెలుసన్నదే పెద్ద ప్రశ్న.

మిత్రులారా, ఈసారి ల్యాబులో చివరి అంకె ఊగుతుంటే పక్కవాడి రికార్డు చూడకండి. గేటు సమయం మార్చి చూడండి. ఎందుకు ఊగుతోందో మీ చేత్తో మీరే రాయండి.